నలుగురు మోసేంత దారి

నేను సముద్రం చూసింది రాజకీయాల పుణ్యాన. ఆ మాట అంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పెనుకొండకు అవతల మా మండలంలో నేను ఎంపీటీసీ సభ్యురాలిగా గెలిచాను. పదో తరగతి దాకా చదివి, ఇంట్లో జాకెట్లు కుట్టుకునేదాన్ని. సీటు మహిళలకు రిజర్వు కాగానే ఊళ్లో ఆడవాళ్లు వచ్చి నిలబడమన్నారు. మా ఆయన వద్దన్నాడు. వద్దన్నాడు కాబట్టే నిలబడ్డాను. ఏ పార్టీ వాళ్లూ అడగలేదు, ఇండిపెండెంటునే. నాకు దక్కిన గుర్తు కుట్టుమిషను. ఇంటింటికీ తిరిగి ఆ గుర్తెవరిదో చెప్పాల్సిన అవసరమే రాలేదు.

గెలిచిన మర్నాడు తెల్లవారేసరికి వాకిట్లో వ్యాను ఆగింది. మండలాధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ఊరి జనం కాదు, గెలిచిన సభ్యులే. మేము మొత్తం పదిహేను మందిమి. ఆ ఎన్నిక రోజు దాకా తమవాళ్లు ఎదుటివాళ్ల చేతికి చిక్కకుండా ఎక్కడికైనా తీసుకుపోయి దాచడాన్ని క్యాంపు అంటారు. మా క్యాంపులో ఎనిమిది మందిమి, అవతల ఏడుగురు. అంటే ఒక్కరు జారినా లెక్క తప్పుతుంది. మమ్మల్ని నడిపించే పెద్దాయనే అధ్యక్ష పదవికి పోటీదారు. మడత నలగని తెల్ల పంచె, మెత్తటి మాట, కనుచూపు మేర వేరుశెనగ చేలు. నన్ను "అమ్మా" అనేవాడు. మా ఆయన నాకు తోడుగా వచ్చాడు, అంటే నాకు కాపలాగా.

వ్యానులో చివరి సీట్లో ఒక పెద్దామె ఒంటరిగా కూర్చుని ఉంది. ఒళ్లో వైరు బుట్ట, అందులో ఒక చీర, వక్కాకు సంచి. పక్క ఊరి ఎస్సీ కాలనీ మనిషి. పెద్దాయన చేలో ఏళ్ల తరబడి కూలి చేసింది. ఆ సీటు ఎస్సీ మహిళకు పడేసరికి, నోట్లో నాలుక లేని మనిషి కదా అని ఆయనే ఆమెతో ఇండిపెండెంటుగా నామినేషను వేయించాడు. నేను పెద్దమ్మా అని పిలిచాను. ఆమె నన్ను పాపా అంది. హిందూపురంలో టీ తాగడానికి దిగినప్పుడు, పెద్దాయన బెంచీ మీద ఉన్నాడని ఆమె నేల మీదే కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. అయినా నా టీ నేను తాగేశాను.

బెంగళూరు, మైసూరు చూపించి, మంగళూరు తీసుకుపోయారు. మా వైపు బోరు వేస్తే లేచేది తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము చూసి చేలోనే కూలబడిపోయిన మనిషి కూతుర్ని నేను. అలాంటిదాన్ని ఆ సాయంత్రం ఇసుకలో నిలబెడితే ఏమైపోవాలి? కంటికి ఆనినంత దూరం నీళ్లే. ఎవరూ తోడుకోని నీళ్లు, ఎవరూ బిందెలు వరసలో పెట్టని నీళ్లు. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు.

పెద్దమ్మ చాలాసేపు చూసి అడిగింది: "ఇన్ని నీళ్లుండే తావున, సచ్చినోళ్లను యాడికి ఎత్తుకపోతారు పాపా? యెట్ల దాటిస్తారు?"

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. అక్కడే ఇసుకలో కూర్చుని నెమ్మదిగా చెప్పుకొచ్చింది. వాళ్ల కాలనీ శ్మశానం పెద్దాయన చేనికి అవతల ఉంది. ఆ చేనికి అడ్డంగా ఒకప్పుడు దారి ఉండేది. ఆయన దాన్ని కలిపి దున్నేశాడు. పంట లేని రోజుల్లో చేలోంచి పోనిస్తాడు. విత్తనం పడ్డాక అడుగు పెట్టనివ్వడు, చేని పక్క వంకలో, అంటే వాగులో, దిగి చుట్టు తిరిగి పోవాలి. మా వంకల్లో నీళ్లు ఎప్పుడో గాని పారవు. అవి పారిన ఏడే ఆమె ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయాడు. ప్లాస్టిక్ పట్ట కప్పిన శవాన్ని పెట్టుకుని రెండు రోజులు గట్టు మీద కూర్చున్నారు. చేనికి అడ్డంగా పోతే శ్మశానం కేక వేస్తే వినపడేంత దూరం.

"ఆ చేన్లో కలుపు తీసింది నేనే పాపా," అంది. "నా కొడుకు మాత్రం దాంట్లో పోగూడదంట."

దారి ఇమ్మని నామినేషను రోజే అడిగిందట. గెలిచాక చూద్దాం అన్నాడట ఆయన. గెలిచాను కదా పాపా అంది, అదేదో చాలా మామూలు సంగతి అన్నట్టు. ఈ రాత్రే నేనడుగుతా ఆయన్ని అని లేచాను. భోజనాల దగ్గర ఆయన "అమ్మకు ఇంకో చపాతీ వేయండప్పా" అన్నాడు. చపాతీ తిన్నాను. అడగలేదు.

ఎన్నిక రోజు వ్యాను నేరుగా మండలాఫీసు ముందు ఆగింది. గేటు దగ్గరే పోలీసులు మొగుళ్లందరినీ ఆపేశారు. ఆ ఒక్క విషయంలో ప్రభుత్వం నాకు తెగ నచ్చింది. లోపల ఎన్నికల అధికారి పద్ధతి చెప్పాడు. చీటీలు లేవు, ముద్రలు లేవు. పేరు చదివినప్పుడు చెయ్యెత్తాలి. ఊళ్లో మేము తెర చాటున ఓటేసి గెలిచాము. ఇక్కడ ఎవరి చెయ్యి ఎటో అందరికీ కనిపిస్తుంది. పార్టీ గుర్తు మీద గెలిచినవాళ్లు మాట తప్పితే పదవి పోతుంది. ఏ పార్టీ గుర్తూ లేని మా ఇద్దరి మీదే అందరి కళ్లు.

పెద్దాయన పేరు చదివారు. మావాళ్ల చేతులు లేచాయి, నాది కూడా. అధికారి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఏడు. పెద్దమ్మ నా పక్క కుర్చీ అంచున, చేతులు కొంగులో పెట్టుకుని కూర్చుని ఉంది. రెండువైపులా సమానమైతే చీటీ తీయాల్సి వస్తుందని అధికారి అన్నాడు. అవతలివాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏమే, నిద్రపోతాండావా? చెయ్యెత్తు," అన్నాడు పెద్దాయన.

ఆమె లేచి నిలబడింది. "దోవ ఇయ్యండి సామీ, ఎత్తుతా."

ఇక్కడ అలాంటి మాటలు కుదరవని అధికారి అన్నాడు. ఇస్తాలే, బయట మాట్లాడుకుందాం అన్నాడు పెద్దాయన. వారం దినాలు బయటే ఉన్నాం కదా సామీ అంది ఆమె. అవతలి గుంపు నాయకుడు హుషారుగా లేచి, మావైపు రా, దారి మేమిస్తామన్నాడు. ఆమె అతని వైపు తిరగను కూడా తిరగలేదు. "నీకు ఆడ చేను ల్యాదు కదప్పా," అంది.

నా చెయ్యి ఇంకా పైనే ఉంది. దానంతటదే దిగిపోయిందని చెప్పుకోవచ్చు, కానీ అబద్ధం. నేనే దించాను. అది ధైర్యం కూడా కాదు. ఆమె నిలబడి ఉంటే నేను ఎత్తిన చేత్తో కూర్చోవడం సిగ్గనిపించింది. ఇప్పుడు ఆయనకు ఆరే. మెత్తటి మాట మనిషి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, అందులో అమ్మా లేదు, ఏమీ లేదు.

ఆయన జేబులోంచి మీటింగు నోటీసు తీసి, వెనకవైపు రాశాడు. అధికారి ఏవో కాగితాలు సర్దుకుంటూ తల వంచుకున్నాడు. పెద్దమ్మ దాన్ని నా చేతిలో పెట్టి చదవమంది. కాలనీవాళ్ల శ్మశానానికి తన చేలో మూడడుగుల దారి ఇస్తున్నానని ఉంది.

"మూడడుగుల్లో ఒకరెనక ఒకరు పోతారు సామీ," అంది ఆమె. "పాడె అట్ల పోదు. నలుగురు మోసేంత అని రాయండి."

రాశాడు. సంతకం చేశాడు. సాక్షి సంతకానికి ఆమె ఆ అవతలి నాయకుడి దగ్గరికే పంపింది, తను ఓడినా పెద్దాయన నేల పోతోంది కదా అని అతను సంబరంగా చేశాడు. అప్పుడు చెయ్యెత్తింది. వేరుశెనగ పీకి పీకి పగుళ్లిచ్చిన చెయ్యి. బల్లలూ, కుర్చీలూ, గేటు దగ్గర పోలీసులూ, సర్కారు ముద్ర వేసిన కాగితాలూ, అన్నీ అంతసేపూ ఆ ఒక్క చేతి కోసం ఆగాయి. మంగళూరులో సముద్రం చూసి ఏడుపొచ్చింది నిజమే. కానీ అది కూడా నాకు ఇంత పెద్దగా కనిపించలేదు. నేనూ చెయ్యెత్తాను. ఎనిమిదితో ఆయన అధ్యక్షుడయ్యాడు.

మర్నాటి నుంచి పనికి రావద్దని ఆమెకు కబురు పంపాడు. ఆమె రొద్దం వైపు చేలకు కూలికి పోసాగింది. కానీ కాగితం నా బీరువాలో ఉంది, సాక్షి శత్రుపక్షంలో ఉన్నాడు. పది రోజుల్లో హద్దురాళ్లు వేయడానికి ఆయన దిగిరాక తప్పలేదు. నేను నా టేపు పట్టుకుని పోయాను. అది జాకెట్లకు పెట్టుకో పాపా అంది ఆమె. కాలనీలోంచి నులక మంచం ఒకటి తెప్పించింది. నలుగురు మగవాళ్లను పిలిచింది. ఖాళీగా మోస్తే కొలత తెలీదు, బరువుండాలని, తనే మంచం మీద వెల్లకిలా పడుకుంది.

మోసేవాళ్లు మొదట నవ్వారు. నాలుగడుగులు వేశాక నవ్వలేదు. ఆమె కళ్లు తెరుచుకుని ఆకాశం చూస్తోంది. మోసేవాడి మోచెయ్యి వేరుశెనగ మొక్కకు తగిలినచోటల్లా చెయ్యెత్తేది. మంచం ఆగేది, రాయి జరిగేది, కూలీలు మొక్కలు పీకేవాళ్లు. పెద్దాయన గొడుగు కింద నిలబడి చెమట తుడుచుకున్నాడు. చేను దాటేసరికి దారి రెండు వైపులా రాళ్లు పడ్డాయి.

అవతల మంచం దించారు. ఆమె తనే లేచి, చీర సర్దుకుని, శ్మశానంలో ఒక మూల రాళ్ల కుప్ప దగ్గరికి నడిచింది. గొంతుక్కూర్చుని, అరచేత్తో పైరాయి మీది మట్టి తుడిచింది.

"దోవ వచ్చింది నాయనా," అంది. "నీకే అందల్యా."