మడమ కాలినా తెలియని సాయంత్రం

నయాపైసలు వచ్చిన కొత్తలో సంగతి. మా ఆయనకు బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్ ఉద్యోగం, రైలింజనులో బొగ్గు వేసే పని. రైల్వే కాలనీలో చిన్న క్వార్టరు. నాకు తొలికాన్పు, నెలలు నిండాయి. ఆ రోజు పొద్దున చేటలో బియ్యం ఏరుకుంటూ ఉంటే ఉన్నట్టుండి ఉమ్మనీరు పోయింది. నొప్పులు మాత్రం రాలేదు. నా కాన్పు కోసం మైపాడు నుంచి వచ్చి నా దగ్గరే ఉన్న మా అమ్మ రూతమ్మ, నా పొట్ట అంతా చేత్తో తడిమి చూసింది.

"ఏందిమే, బిడ్డ సరింగా లేనట్టుందే" అన్నది చివరికి.

కాలనీ డిస్పెన్సరీ నుంచి మంత్రసాని వచ్చి చూసింది. బిడ్డ అడ్డం తిరిగిందనీ, తన వల్ల కాదనీ, వెంటనే నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మనీ చెప్పింది. మా ఆయన అప్పటికే బండి మీద డ్యూటీలో ఉన్నారు. అమ్మా నేనూ ప్యాసింజరు ఎక్కాం. దారి పొడుగునా అమ్మ పైకే ప్రార్థన చేస్తూ ఉంది. నాకు సిగ్గేసింది. ఆ పూట సిగ్గుపడే తీరిక ఎలా దొరికిందోనని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, "ట్రాన్స్‌వర్స్ లై. సిజేరియన్ చెయ్యాలి" అన్నారు. నా మొహం చూసి గొంతు తగ్గించి, "వెన్నులో స్పైనల్ ఇంజెక్షన్ ఇస్తాం. మెలకువగానే ఉంటావు. నడుం కింద ఏమీ తెలియదు. భయపడకు" అన్నారు. సూది పొడిచిన కాసేపటికి నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. బొటనవేలు కదిలించమంటే కదిలిస్తున్నాననే అనుకున్నాను. అది కదలడం లేదని వాళ్ళు చెప్పాలి. కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. బతికే ఉంది. ఆ క్షణంలో నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

సాయంత్రం వేళ వార్డుకు తెచ్చి పడుకోబెట్టారు. వార్డంతటికీ ఒక్క సిస్టరే. పాపం ఒక మంచం దగ్గరుంటే ఇంకో మంచం దగ్గర పిలుపు. ఆమె అమ్మకు గబగబా చెప్పింది: "తలగడ పెట్టకూడదు. తల ఎత్తనివ్వకూడదు. నీళ్ళు అడిగినా ఇవ్వకూడదు." అమ్మ అన్నిటికీ తల ఊపింది. చెప్పినవన్నీ అక్షరాలా పాటించింది కూడా. కాళ్ళ గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

అంతలో నాకు వణుకు మొదలైంది. దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి, ఆపుదామన్నా ఆగవు. స్పైనల్ ఇచ్చాక చాలామందికి అలా వణుకు వస్తుందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అమ్మకు మాత్రం ఆ వణుకులో మా పిన్ని కనిపించింది. పిన్ని బాలింతగా ఉన్నప్పుడు ఇలాగే వణికి, సన్నిపాతం కమ్మి, తెల్లారేసరికి పోయింది. మా సముద్రం వైపు ఊళ్ళల్లో బాలింతకు వణుకు పుడితే ఇటుక కాల్చి, పాతగుడ్డ చుట్టి, అరికాళ్ళకు ఆనించి పెడతారు. అది ఎంత వేడిగా ఉందో పెట్టేవాళ్ళు చూసుకోరు. బాలింతే "అబ్బా, చురుక్కుమంటోంది" అంటుంది, అప్పుడు కాస్త వెనక్కి జరుపుతారు. మా ఇళ్ళల్లో ఇటుక వేడి కొలిచేది బాలింత నోరే. తరతరాలుగా అలాగే జరిగింది, ఎవరి కాళ్ళూ కాలలేదు.

ఆసుపత్రి వెనక రోగుల మనుషులు గంజి కాచుకునే పాకలు ఉండేవి. అమ్మ ఎవరి పొయ్యిలోనో ఇటుక పెట్టి, కాల్చి, తన పాత చీర ముక్క చుట్టి తెచ్చింది. దుప్పటి కింద నా పాదాలకు ఆనించింది.

"వెచ్చగా ఉండాదామే?"

"లేదమ్మా" అన్నాను. నిజమే చెప్పాను. నడుం కింద ఏమీ తెలియదన్న డాక్టరమ్మ మాట ఆ వణుకులో నాకు గుర్తు రాలేదు, ఆవిడ అది చెప్పినప్పుడు అమ్మ గదిలో లేదు.

మళ్ళీ పోయింది. ఇంకో ఇటుక తెచ్చింది, ఇంకా బాగా కాల్చి. నా వణుకు తగ్గలేదు. అమ్మ నా మొహం మీదికి వంగి, "ఇప్పుడో?" అని అడిగింది. నేను మళ్ళీ లేదనే అన్నాను. అమ్మ కళ్ళల్లో భయం చూసి, ఉన్నదని అబద్ధం చెబుదామా అని కూడా అనుకున్నాను. చెప్పినా అప్పటికి జరగాల్సింది జరుగుతూనే ఉంది.

ఏదో కమురు వాసన వచ్చింది. పాకల వైపు నుంచి గాలి తిరిగిందనుకున్నాం. నాకు కనిపించేది పైకప్పు ఒక్కటే. తల ఎత్తకూడదు కదా! బీపీ చూడటానికి వచ్చిన సిస్టర్ మంచం కాళ్ళ వైపు దుప్పటి ఎత్తింది. "అయ్యో దేవుడా!" అని ఒక్క కేక.

"ఏమైంది సిస్టర్?" అన్నాను.

ఎవరూ చెప్పలేదు. మనుషులు పరుగెత్తుతున్నారు, నా చుట్టూ మాటలు, నా కాళ్ళ దగ్గర ఏదో పని. అక్కడ ఉన్నది నా ఒళ్ళే, దానికి ఏమైందో నాకు తప్ప అందరికీ తెలుసు. తల ఎత్తబోతే సిస్టర్ నుదురు పట్టి నొక్కింది. అంత నిస్సహాయంగా నేను జీవితంలో ఎప్పుడూ పడుకోలేదు.

డాక్టరమ్మ వచ్చి ఇటుక చూశారు. "ఎవరు పెట్టారిది? ఈమెకు స్పర్శ లేదని తెలియదా?" అని అరిచారు.

అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. "తల ఎత్తనియ్యబాకని చెప్పినారమ్మా. కాల్తే తెలవదని చెప్పలేదు" అన్నది.

డాక్టరమ్మ సిస్టర్ వైపు చూశారు. సిస్టర్ తల దించుకుంది.

మత్తు దిగుతుంటే అందరికీ కోసిన చోట నొప్పి వస్తుంది. నాకు ముందు కాళ్ళే మండాయి. ఎడమ పాదం బొబ్బలతో బయటపడింది. కుడి మడమ తెల్లగా పాలిపోయి, తర్వాత నల్లబడింది. నల్లబడిన చర్మం కత్తిరించి తీసేశారు. రోజూ పొద్దున డ్రెస్సింగ్. డ్రెస్సింగ్ ట్రే చప్పుడు వినిపిస్తే చాలు, అమ్మ వార్డు బయట కుళాయి దగ్గరకు పోయి నిలబడేది. నా అరుపులు అక్కడికీ వినిపిస్తాయని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. బిడ్డను ఎవరో ఒకరు తెచ్చి నా పక్కలో పెట్టాలి, పాలు తాగాక ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. కన్న బిడ్డను ఎత్తుకుని రెండడుగులు వెయ్యలేని తల్లిని. మంచం పట్టిన మనిషికి కోపం ఎక్కువ. అందరి మీదా విసుక్కున్నాను, ఆఖరికి ఆ పసిగుడ్డు మీద కూడా.

తర్వాత జ్వరం పట్టుకుంది. పుండు చీము పట్టింది. పెన్సిలిన్ ఇంజెక్షన్లతో తుంట్లు గట్టిపడిపోయాయి. ఒకరోజు డాక్టరమ్మ కుర్ర డాక్టరుతో "ఆస్టియోమైలైటిస్" అనటం విన్నాను. అంటే ఏమిటని అడిగాను.

"ఎముకకు చీము పట్టిందేమోనని అనుమానం. ఎక్స్‌రే తీద్దాం."

"పట్టి ఉంటే?"

ఆవిడ దాచలేదు. "పాదం తీసెయ్యాల్సి రావచ్చమ్మా."

స్ట్రెచర్ మీద ఎక్స్‌రే గదికి తీసుకుపోయారు. చల్లటి ప్లేటు మీద కాలు పెట్టి, "కదలొద్దు" అన్నాడు ఎక్స్‌రే ఆయన. కదలకుండా ఉండటం నా చేతిలో ఉంటేగా! భయానికి కాలు అదురుతూనే ఉంది. ఫిల్ము చెదిరిపోయింది. ఈసారి కాలికి అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి మళ్ళీ తీశారు. ఆ మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ దిగి, బొగ్గు మసి బట్టలతోనే వచ్చారు. డాక్టరమ్మ ముందు నిలబడి, "నేనేం చెయ్యాలో చెప్పండమ్మా, చేస్తాను" అన్నారు. ఆయన చెయ్యగలిగింది ఒక్కటీ లేదు. వచ్చి నా మంచం పక్కన కూర్చుని, మసి చేతులు తగలకుండా బిడ్డను చూస్తూ ఉండిపోయారు.

ఎముకకు ఏమీ కాలేదు. ఫిల్ము వెలుతురుకు పట్టుకుని డాక్టరమ్మ, "బోన్ సేఫ్" అన్నారు. తొడ మీది చర్మం తీసి మడమకు గ్రాఫ్ట్ వేశారు. మొదటిది పట్టలేదు, ఊడిపోయింది. ఆ రోజు నేను ఏడవలేదు, ఏడవటానికి ఓపిక లేదు. రెండోసారి పట్టింది. నేను కర్ర పట్టుకుని మొదటిసారి నిలబడేనాటికి నా కూతురు బోర్లా పడటం నేర్చేసుకుంది.

ఇప్పుడు దానికి బడి వయసు దాటుతోంది. నేను కాస్త కుంటుతాను, పనులన్నీ చేసుకుంటాను. మడమ మీద అతికిన చర్మానికి మాత్రం స్పర్శ రాలేదు. ఒకసారి మేకు దిగితే, గచ్చు మీద నెత్తురు చూసి నా కూతురు చెప్పేదాకా నాకు తెలియదు. అందుకే డాక్టరమ్మ, ఇంట్లో కూడా చెప్పులు తీయవద్దన్నారు. అమ్మ మా దగ్గరే ఉంటుంది. వంటంతా తనే. కానీ ఇన్నేళ్ళలో ఆ సాయంత్రం గురించి ఒక్క మాట ఎత్తలేదు. నేను ఎత్తితే లేచి పోతుంది. "నీ తప్పు లేదమ్మా" అని చెప్పి చెప్పి నేనే మానేశాను.

కిందటి నెల ఆదివారం కాలనీ చర్చిలో సంఘపెద్ద ఒకాయన, "అమ్మాయ్, అందరూ చెప్పులు బయట విడిచి వస్తుంటే నువ్వేందమ్మా మందిరంలోకి తొడుక్కొనొస్తావు?" అని అందరి ముందూ అడిగారు. నేను నోరు తెరిచేలోగా అమ్మ లేచింది.

"అయ్యా, నేను సాక్ష్యం చెప్పాల" అన్నది.

మా ప్రార్థనల్లో సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవటం. అందరూ వినటానికి సర్దుకున్నారు.

"దాని కాలు కాల్చింది నేనే. మత్తు సూది ఏసి పండబెట్టుంటే ఇటిక కాల్చి పెట్టినా. వెచ్చగా ఉండాదా అని దాన్నే అడిగినా. ఒళ్ళు మొద్దుబారినోళ్ళకి ఏం తెలుస్తాది? మీరు అట్ట అడగబాకండి. ఇటికా వద్దు, వేణ్ణీళ్ళ సీసా వద్దు. సిస్టరమ్మ చూడకుండా ఏదీ పెట్టబాకండి."

అమ్మను కూర్చోబెట్టాలని చెయ్యి పట్టి లాగాను. కూర్చోలేదు. వెనక వరసలో నెలలు నిండిన ఒక పిల్ల మెల్లగా అడిగింది: "వణుకుతుంటే మరి ఏం చెయ్యాల పెద్దమ్మా?"

"దుప్పటి కప్పమని చెప్పు మీ అమ్మకి. సిస్టరమ్మని పిలవమను. ఆమె వచ్చేదాకా నీ చెయ్యి పట్టుకొని కూసోమను" అన్నది అమ్మ. "ఊరికే కూసోవటమే. నాకు ఆ పొద్దు అదే చేతకాలేదు."