సముద్రానికి కుట్టించిన పైజామా

సముద్రంలో దిగే ఆడపిల్ల ఏం తొడుక్కోవాలి? ఈ ఒక్క ప్రశ్నతో ఆ ఎండాకాలమంతా నా తల ప్రాణం తోకకొచ్చింది. అరవైలు అప్పుడే మొదలైన రోజులు. బడులు తెరిచే వేళకు నన్ను నెల్లూరులో టీచరు ట్రైనింగు హాస్టల్లో చేర్చేస్తారు. ఈలోగా ఒక్కసారి, ఒకే ఒక్క అల మీద, దుంగ పట్టుకుని ఒడ్డుదాకా రావాలి. నేను కోరింది అంతే.

మాది వాకాడు దగ్గర సముద్రపొడ్డు పల్లె. నాయన అక్కడి బడిలో పంతులు. వేటనుంచి వచ్చాక చేపలవాళ్ళు తెప్ప కట్లు విప్పి, దుంగల్ని ఇసకలో ఆరబెట్టేవారు. మా అన్న వాళ్ళనడిగి ఒక చిన్న దుంగ తీసుకునేవాడు. దానిమీద బోర్లా పడుకుని, అల లేచేసరికి కాళ్ళు ఆడించి, ఒడ్డుకు దూసుకొచ్చేవాడు. నాకూ ఈత వచ్చు, బడి వెనక కాలవలో తనే నేర్పాడు. వచ్చి ఏం లాభం? లంగా తడిసిందంటే కాళ్ళకు చుట్టుకుపోతుంది. మొదటిరోజు నడుంలోతు నీళ్ళలోనే పడి, కడుపునిండా ఉప్పునీళ్ళు తాగాను. అన్న జడ పట్టుకుని లాగితే బయటపడ్డాను.

"నీ నిక్కరు ఇయ్యన్నా" అనడిగితే అమ్మ చెవిన పడింది.

"నిక్కరా? ఆదివారం చర్చికి ఏ మొగం పెట్టుకుని పోయేది? దేవుడు మెచ్చేపనేనా ఇది?"

"లంగాతో మునిగి చస్తే మెచ్చుకుంటాడా?"

ఆ మాటకు వీపుమీద ఒకటి పడింది. వారంరోజులు అలిగి, రాత్రిపూట అన్నం మానేస్తే, చివరికి పైజామా కుట్టించడానికి ఒప్పుకుంది. పైన పొడుగుచేతుల జుబ్బా ఉండాలని షరతు.

వాకాడులో టైలరు ఆడవాళ్ళకు టేపు పెట్టేవాడు కాదు. ఆది జాకెట్టు పంపితే, దాన్ని చూసి కొత్తది కుట్టేవాడు. అదీ మర్యాద. మరి నాకు ఆది పైజామా ఎక్కడిది? ఆ చుట్టుపక్కల ఏ ఆడమనిషి పైజామా తొడిగింది గనక? ఇంట్లోనే కొలతలు తీసి కాగితం మీద రాసిపెట్టాను.

"ఆడపిల్ల నడుముకొలత కాయితం మీద రాసి ఊరిమీదికి పంపిస్తావంటే! సిగ్గుండాదా?" అని అమ్మ ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టింది. నాకు తెలియకుండా, గుడ్డతోపాటు ఆదికి నాయన పైజామా పంపింది.

నాయన నిలువెత్తు మనిషి. కుట్టి వచ్చినదాంట్లో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. ఒళ్ళు మండిపోయింది. అయినా రోజులు అయిపోతున్నాయని బొందు బిగించి దిగాను. అల వచ్చింది. పైజామా కాళ్ళనిండా నీళ్ళు చేరి ఉబ్బిపోయింది. దుంగ ఒక దారి, పైజామా ఒక దారి. రెండు చేతులతో బొందు పట్టుకుని నేను లేచేసరికి, ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. మా అన్న కూడా.

టైలరు దగ్గరికి నేనే పోయాను.

"ఏందన్నా ఇది? ఎవురికి కుట్టినావు? సముద్రంలో దిగితే నిలవలా."

"మీ అమ్మ పంపిన ఆది ప్రకారం కుట్టినా. వేలెడు తేడా ఉంటే మిషను అమ్మేస్తా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఈత రాక పైజామాను అంటావేందమ్మా?"

ఈత రాదట నాకు! పైజామాను చంకన పెట్టుకుని విసురుగా తిరిగొచ్చేశాను.

హాస్టలుకు ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. కుట్లన్నీ విప్పి, ముక్కలు అమ్మముందు పడేసి, "నువ్వే కదా చెడగొట్టినావు, నువ్వే కుట్టు" అని అరిచాను. అమ్మ తిడుతూనే తలుపు గడియ పెట్టింది. ముక్కల్ని నా ఒంటికే ఆనించి, గుండుసూదులు గుచ్చి, కాలికి అతుక్కునేంత బిగువుగా చేత్తో కుట్టింది. "ఊపిరాడతా ఉండాదా? వొంగు. కూచో. ఇప్పుడు లెయ్." రెండు రోజులు పట్టింది.

మరునాడు పొద్దున్నే తనూ వచ్చి, పాత చీర ఒకటి చేతిలో పట్టుకుని ఒడ్డున నిలబడింది. మూడో అల నాకు దొరికింది. దుంగ లేచింది, నేనూ లేచాను, ఒడ్డు నామీదికి దూసుకొచ్చింది, అంతలోనే గడ్డం కింద ఇసక. కేక పెట్టాను. ఆ కేక పూర్తికాకముందే అమ్మ పరుగెత్తుకొచ్చి, నన్ను తలనుంచి పాదాలదాకా చీరలో చుట్టేసింది. ఇంకొక్కసారి, ఒక్కసారే అని బతిమాలినా చెయ్యి వదల్లేదు.

దారిలో కోపంతో మొగం అటు తిప్పుకుని నడిచాను నేను. సగం దూరం వచ్చాక అమ్మ మెల్లిగా అడిగింది.

"అల పైకి లేపినప్పుడు ఎట్టా ఉంటాదే?"

అమ్మ పుట్టిందీ పెరిగిందీ ఆ ఒడ్డునే. చీలమండలు దాటి ఏనాడూ నీళ్ళలో దిగలేదు.

"నాకేం తెలుసు" అన్నాను.

"సరేలే" అని నడిచింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నే. అడక్కపోయినా చెప్పాల్సింది. చెప్పలేదు.