పుచ్చుకునేవారి విభక్తి

కొత్త తాను విప్పగానే వచ్చే గంజి వాసన తగిలితే చాలు, చిక్కపేటలో నాన్న బట్టల అంగడి కళ్ళముందు నిలుస్తుంది. ఆ అంగడి గద్దె మీద కూర్చుని రాఘవయ్య మేష్టారు నాకు జర్మన్ చెప్పేవారు. బట్టలంగట్లో జర్మనేమిటని నవ్వకండి. అది మా నాన్న పంతం.

మేష్టారు మా వీధిలోనే ఒంటరిగా ఉండేవారు. వయసులో ఉండగా జర్మనీ వెళ్ళి రసాయనశాస్త్రం చదివి వచ్చారు. నేనూ కాలేజీలో అదే చదువుతున్నాను. పై చదువుకు పోవాలంటే జర్మన్ పుస్తకాలు చదవడం వచ్చితీరాలన్నారు కాలేజీలో. అందుకని మరికొందరితో పాటు సాయంత్రాలు వారింటికి వెళ్ళేదాన్ని. ఒకనాడు పాఠంలో ‘డాటీఫ్’ అనే మాట వచ్చింది. మన చతుర్థీ విభక్తి లాంటిది.

“లాటిన్‌లో ఇచ్చేదాన్ని చెప్పే మాట ఒకటుండాది. దాన్నుంచి వచ్చిందమ్మా ఈ పేరు,” అన్నారు మేష్టారు. “మనోళ్ళూ సంప్రదానమనే అన్నారు, దానర్థమూ ఇచ్చేదే. ఏడ ఆ దేశం, ఏడ మనం! పేరేమో ఇచ్చేదాంది, విభక్తి మాత్రం పుచ్చుకునేవానిది.” చెబుతూ చెబుతూ చిన్నపిల్లవాడిలా మురిసిపోయారు.

అంతలో జర్మనీతో యుద్ధం ముదిరింది. శత్రువుల భాష నేర్పుతున్నారని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. తక్కిన విద్యార్థులు ఒక్కొక్కరే మానేశారు. నాన్న కూడా భయపడి నన్ను మాన్పించారు. నా చదువు ఇక అయిపోయిందని కుమిలిపోయాను.

ఆ వారమే, నేనూ నాన్న దగ్గర ఉండగా, మేష్టారు అంగడికి వచ్చారు. ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి, మెట్టు కిందే నిలబడ్డారు.

“ఇచ్చేదానికి నా దగ్గర ఈ చదువొకటే ఉండాదప్పా. పుచ్చుకునేదానికి ఈ బిడ్డ ఒక్కతే మిగిలింది. ఈయమ్మా రాకుంటే ఇంకెవురికిచ్చేది?”

నాన్న చేతిలోని గజంబద్దతో గద్దెను చూపించారు. “ఇంట్లో చెప్తే గుట్టుపని అనుకుంటారు అయ్యవారూ. ఈడే, గద్దె మీద కూకోని చెప్పండి. వినేటోళ్ళు విననీ!”

అలా ఆ సాయంత్రమే నా పాఠం బజారున పడింది. పాఠం ముగిశాక నాన్న ఆయన్ను భోజనానికి పిలిచారు. మేష్టారు వద్దని గొడుగు అందుకున్నారు.

“పుచ్చుకునేటోళ్ళు లేకుంటే ఇచ్చేదెట్లా అని మీరేగదా అడిగింది?” అన్నారు నాన్న.

మేష్టారు గొడుగు కింద పెట్టేశారు. ఇంట్లో అమ్మ ఆయన కంచంలో రాగిముద్ద పెట్టి పులుసు పోస్తుంటే ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆయన ఎన్నాళ్ళుగా ఒక్కరే తింటున్నారో అన్నది నాకు అప్పుడే తట్టింది.

ఆ జర్మనే నాకు జీవితమంతా అన్నం పెట్టింది. ఇప్పుడు ముసలిదాన్ని. మెట్లెక్కేటప్పుడు ఎవరైనా సాయానికి వస్తే, అక్కర్లేదనే మాట నోటిదాకా వస్తుంది. మేష్టారు ఆనాడు గొడుగు కింద పెట్టడం తలుచుకుని చేయి చాపుతాను.