సార్ అంటించని టైరు

మా సైకిల్ కోచ్ సార్ పోయిన వారం చిత్తూరులో చనిపోయారు. పొద్దున పెరట్లో ముఖం కడుక్కుంటూ కూలిపోయారట. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఈ మాట నాకు ఫోన్లో చెప్పింది మా నాయన. "మీ సార్ పోయినాడంటమ్మా" అని, ఇంకేమీ అనకుండా పెట్టేశాడు. ఏళ్ల తరబడి మా ఇంట్లో ఆ మనిషి ఊసే రానివ్వని నాయన చివరికి చావు కబురు చెప్పడానికి నోరు తెరిచాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. సర్కారు బడిలో వ్యాయామం మాస్టారు. ఆడపిల్లలకు రేసు సైకిల్ నేర్పాలని ఆయనకు ఎందుకు అనిపించిందో నేనెప్పుడూ అడగలేదు. ఒకరోజు మా బెల్లం మండీకి వచ్చి నాయన ఎదురుగా కూర్చుని, "మీ బిడ్డ కాళ్లల్లో బలముండాదన్నా, నాకాడికి పంపించు" అన్నారు. నాయన ఒప్పుకున్నాడు. అప్పటినుంచి పుత్తూరు రోడ్డులో, మామిడి తోటల మధ్య మేం తొక్కుతుంటే ఆయన పాత మోపెడ్ మీద వెనకాలే వచ్చేవారు. గట్టిగా అరవడం ఎరగరు. బాగా తొక్కితే హారన్ ఒకసారి మోగించేవారు. దానికోసం ప్రాణం పెట్టి తొక్కేవాళ్లం.

ట్రాక్ మీద పోటీలకు వాడే మా సైకిళ్ల టైరు మామూలు సైకిల్ టైరులాంటిది కాదు. లోపల ట్యూబు పెట్టి కుట్టేసిన గొట్టంలా ఉంటుంది. రిమ్ము అంచుల్లో ఇరుక్కుని నిలబడదు, జిగురుతో అంటించాల్సిందే. ఆ పని సార్ ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. పాత జిగురు గీకేసి, రిమ్ముకూ టైరు అడుగుకూ పలచగా పూసి, ఆరబెట్టి, మళ్లీ పూసేవారు. చివరి పూత బంకగా ఉండగానే టైరు ఎక్కించి, బొటనవేళ్లతో చుట్టూ నొక్కుకుంటూ పోయేవారు. గాలి నింపాక మరునాటిదాకా చక్రాన్ని ముట్టనిచ్చేవారు కాదు. వేళ్లకు అంటిన జిగురు ఎంత కిరసనాయిలుతో రుద్దినా వదిలేది కాదు. అందుకని అన్నం కూడా చెంచాతోనే తినేవారు. సార్ భార్యను మేమంతా అక్కా అని పిలిచేవాళ్లం. "సంగటి చెంచాతో తినే మొగోణ్ని ఈయన్నొక్కణ్నే సూసినాను" అని ఆమె నవ్వేది.

మేం తొందరపెడితే ఆయన ఒకటే చెప్పేవారు. "వంపులో నువ్వు ఒరిగినప్పుడు నిన్ను పట్టుకోనుండేది ఈ జిగురొక్కటే పాపా. అది ఆరేదాకా ఎవురు సెప్పినా ఎక్కొద్దు."

రాష్ట్ర పోటీల రోజు పొద్దున ఎవరో దాత కొత్త టైర్లు తెచ్చిచ్చారు. ఆ టైర్లున్న సైకిళ్ల పక్కన నిలబడి ఆయన ఫోటో దిగాలి. సార్ జట్ల మేనేజర్ల సమావేశంలో ఉన్నారు, మేం టిఫిను తింటున్నాం. ఆ సమయంలో సైక్లింగ్ సంఘం కార్యదర్శి చెప్పగా అక్కడి మెకానిక్ నా ముందు చక్రం టైరు పీకేసి కొత్తది అంటించాడు. ఆ సంగతి సార్‌కు ఎవరూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు; పక్క జిల్లా పిల్ల ఒకతె చూసిందని నేను పడ్డాకే తెలిసింది. రెండూ నల్ల టైర్లే, చూస్తే తేడా తెలియదు. వంపులో ఒరిగేసరికి ముందు టైరు రిమ్ము నుంచి ఊడివచ్చింది. మెడ కింద ఎముక విరిగింది.

అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చింది సారే. నన్ను స్ట్రెచర్ మీదికి ఎక్కించేదాకా నా తల తన చేతుల్లోనే పట్టుకున్నారు. ఆ తర్వాత ఊడిన చక్రం ఎత్తి, రిమ్ము వెంబడి వేలితో తడిమారు. జిగురు తడితడిగా వేలికి వచ్చింది. ఆ వేలు కార్యదర్శికి చూపించి, "ఇది నేను అంటించింది కాదు సార్, పచ్చి జిగురు" అన్నారు. కార్యదర్శి ముఖం తిప్పుకున్నాడు.

సంఘంవాళ్లే విచారణ జరిపారు. అది మేం తీసుకెళ్లిన టైరు కాదని నేను చెప్పాను. "తలకు దెబ్బ తగిలింది కదమ్మా, నీకు గుర్తుండదు" అన్నారు. మెకానిక్‌ను పిలవనే లేదు. కోచ్ నిర్లక్ష్యమని తేల్చి, ఇక ట్రాక్ మీదికి రావద్దని సార్‌కు చెప్పేశారు. నాయనకు నా మాటకన్నా ఆ పెద్దమనుషుల మాటే నిజమైంది. నన్ను చూడడానికి సార్ ఆసుపత్రికి వస్తే వరండాలోనే అడ్డం నిలబడి, "నా బిడ్డ ఎముక ఇరగ్గొట్టినావు, ఇంకేం సూడాలని వొచ్చినావు?" అన్నాడు. సార్ వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయారు. నేను ఇంటికి వెళ్లేదాకా సాయంత్రాలు కింద టీ అంగడి దగ్గర నిలబడి, మా వార్డు కిటికీ వైపు చూసేవారు. నేను కుడిచెయ్యి ఎత్తలేక ఎడమచెయ్యి ఊపేదాన్ని.

తర్వాత ఒక్కొక్కరే పిల్లల్ని మానిపించారు. బడిలో ఆయనకు డ్రిల్లు ఒక్కటే మిగిలింది. వేలూరు నుంచి రేసు కుర్రాళ్లు చక్రాలు మోసుకొచ్చి ఆయనచేతే టైర్లు అంటించుకుని పోయేవాళ్లు. మన ఊరివాళ్లు మాత్రం ఆ గడప తొక్కలేదు. పెళ్లయి పుత్తూరు వచ్చాక, ఆటల టీచరునయ్యాక, నేను పోయి పలకరించేదాన్ని. అందరికీ మళ్లీ చెబుతానంటే వద్దనేవారు. "నువ్వు సెప్పినావు కదా పాపా. ఇననోళ్లకు ఎన్నితూర్లు సెప్తావు" అనేవారు. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉండేది.

సార్ బడి హాల్లో సంతాపసభ పెట్టారు. ఆ కార్యదర్శే వచ్చి, దండ వేసి, ఒక చిన్న పొరపాటు తప్పిస్తే సార్ ఎంతో మంచివారని మాట్లాడాడు. ఇక నేను కూర్చోలేకపోయాను. లేచి, ఆ టైరు సార్ అంటించింది కాదని, మార్పించింది ఎవరో కూడా అందరి ముందూ చెప్పాను.  వెనక వరుసలో జుట్టు నెరిసిన ఒక మనిషి లేచాడు. నేను గుర్తుపట్టాను, ఆ రోజు టైరు మార్చిన మెకానిక్.

"ఆ పాప సెప్పేది నిజమే. మార్చమన్నారు, మార్చినాను" అన్నాడు నేల చూస్తూ.

"ఆయన బతికుండగా ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"నన్ను ఎవురూ అడగలేదు పాపా."

కార్యదర్శి గడియారం చూసుకుని, రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. తలుపు పక్కన మా నాయన కూడా ఉన్నాడని నాకు అప్పుడు కనబడింది.

మరునాడు మధ్యాహ్నం నాయన నన్ను తోడు రమ్మని సార్ ఇంటికి బయలుదేరాడు.  గేటు బయటే చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. అక్క వాకిట్లోకి వచ్చింది. నాయన చేతులు జోడించి, "తప్పుగా అనుకున్యానమ్మా" అన్నాడు.

 "ఆయన ఉన్నప్పుడు వొచ్చుంటే బాగుండునన్నా" అంది అక్క. ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, మళ్లీ లోపలికి పోయింది. కూర్చోమని అనలేదు.

నాయన ఆ నీళ్లు తాగలేదు. కింద పెట్టనూ లేదు. నిండు చెంబు రెండు చేతులా పట్టుకుని, ఎండకు కాలిపోతున్న వాకిలి బండల మీద ఉత్తకాళ్లతో అట్లాగే నిలబడిపోయాడు.