కుడికాలి గేరు

మా వియ్యంకుడుగారు పోయారు. పాలు తెస్తానని చెప్పులేసుకుని షాపుదాకా నడిచి వెళ్ళిన మనిషి, అక్కడ బయట బెంచీ మీద కూర్చుని అలాగే ఒరిగిపోయారట. ఫోనొచ్చినప్పుడు మా అమ్మాయి మొహం చూసి నేను అడిగిన మొదటి మాట, "బండి మీద వెళ్ళారా?" అని. "లేదమ్మా, నడిచే వెళ్ళారు" అంది. ఇన్నాళ్ళూ ఆ బండి మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. చావు నేను చూడని వైపు నుంచి వచ్చింది.

మన తెలుగు సంఘం పుస్తకంలో ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నా చదువు ఐదో తరగతితో సరి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఈ పరాయి దేశంలో, స్కోఫీల్డ్స్ అనే పేటలో మా అమ్మాయి ఇంట్లో పెద్దవాళ్ళం మేమిద్దరమే. ఆయన మా అల్లుడి తండ్రి. నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవారు. పొద్దున్నే టీ తాగి, పాత లుంగీ ముక్క భుజాన వేసుకుని గ్యారేజీలోకి పోయేవారు. నేను గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలో, కొత్తిమీరో ఏదో ఒకటి ముందేసుకుని కూర్చునేదాన్ని. కూరగాయలకి గ్యారేజీ ఎందుకంటారా? ఆయన మీద ఆ బండి పడిపోతే పిలవడానికి ఒక మనిషి ఉండాలి కదా.

అది ఇటలీ మోటారుసైకిలు. నా పెళ్ళికి ఎన్నేళ్ళో దానికీ అన్నేళ్ళు ఉంటాయేమో. ఎవరో ముసలాయన పోతే, వాళ్ళ షెడ్డులో కోళ్ళ గంపల కింద పడి ఉన్నదాన్ని ట్రైలరు మీద వేయించుకొచ్చారు. "చచ్చిపోయినాయన బండి మన ఇంట్లో ఎందుకండీ?" అన్నాను. "ఆయన దీని మీద పోలేదమ్మా, మంచం మీద పోయాడు. మంచాలు మానేస్తామా?" అన్నారు.

నట్టు నట్టూ విప్పారు. నా పాత ఇడ్లీ పళ్ళేలు కనిపించకపోతే ఇల్లంతా వెతికాను. చూస్తే గుంటకొక రకం నట్లు పోసుకుని కూర్చున్నారు. "ఇవి ఉడకవండీ" అంటే, "చట్నీ చెయ్యండి, చూద్దాం" అన్నారు. ఉన్నదున్నట్టు బాగుచెయ్యడం ఆయనకి సరిపడలేదు. పొడుగు సీటు కోసేసి ఒక్క మనిషికి సరిపడా చేశారు. హ్యాండిలు కిందకి దించారు. టాంకుకి ముదురు వంకాయ రంగు వేయించారు. ఆ ఒంటి సీటు నాకు నచ్చలేదు. వెనక తోడు కూర్చోవడానికి చోటులేని బండి.

నేను భయస్తురాలినని ఇంట్లో అందరికీ తెలుసు. "అమ్మా, నువ్వు టోస్టరుకి కూడా భయపడతావు" అంటుంది మా అమ్మాయి. మనవరాలు "అమ్మమ్మా, రిలాక్స్" అని హెడ్‌ఫోన్లు పెట్టేసుకుంటుంది. అన్నయ్యగారు మాత్రం నా భయాన్ని ఎప్పుడూ తోసెయ్యలేదు. ఒకసారి పెట్రోలు వాసనొస్తోందని గోల పెట్టాను. అందరూ నవ్వారు. ఆయన తింటున్న కంచం వదిలి లేచివెళ్ళి, వంగి చూసి, పైపు పగిలి ఉందని కనిపెట్టి వచ్చారు. మళ్ళీ కంచం దగ్గర కూర్చుని, "చెల్లెమ్మ భయం ఊరికే పోదురా, దానికీ పని ఉంది" అన్నారు. ఈ దేశం వచ్చాక నాకు దక్కిన మర్యాద ఏదైనా ఉందంటే ఆ మాటే.

బండి ఒక రూపానికి వచ్చాక నన్ను పిలిచి చూపించారు. "ఇదిగో, కుడికాలి కింద గేరు. ఎడమకాలి కింద బ్రేకు. మన పాత బుల్లెట్టుకీ ఇంతే. నా కాళ్ళకి ఇదే తెలుసు."

"మరి మీ అబ్బాయికో?"

"వాడు నేర్చుకున్న బళ్ళన్నిటికీ తిరగేసి ఉంటది."

"అలవాటుకొద్దీ బ్రేకనుకుని కుడికాలు తొక్కితే?"

"ఆగదు. పై గేరులో పడి ఇంకా పోద్ది."

నవ్వుతూనే అన్నారు. అప్పట్నించీ అల్లుడు గ్యారేజీలోకొస్తే నా కళ్ళు అతని కుడికాలి మీదే.

అల్లుడు కూడా అదే అడిగాడు. "నాన్నా, గేరు ఎడమవైపుకి మార్చేద్దాం. ఇక్కడ చాలామంది మార్పించుకుంటారు."

"కాళ్ళు మార్చుకోరా. బండిని మార్చమంటావేంటి?"

"ఒరిజినల్‌గా ఉండాలంటావు. మరి సీటు కోసినప్పుడు ఏమైంది ఒరిజినల్?"

"ఆటోమేటిక్ కారు తోలేవాడివి, నువ్వు నాకు చెప్పేది!"

తండ్రీకొడుకులు కొన్నాళ్ళు ఉప్పందించమని కూడా ఒకరినొకరు అడగలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం అన్నయ్యగారు ఆకురాయితో ఏదో ఇనపకడ్డీ అరగదీస్తూ, నా వైపు చూడకుండా అన్నారు. "వాడన్నదే నిజం చెల్లెమ్మా. నా తర్వాత ఎక్కేది వాడే. ఈ రాడ్డు ఇంజను కింద నుంచి అటు వేస్తే గేరు ఎడమకాలికి పోద్ది. బ్రేకు ఇటు తేవాలి. వాడితో అనకండి. ఇప్పుడే తెలిస్తే నెగ్గాననుకుంటాడు. అయ్యాక చూపిస్తా."

అవలేదు. పాలకి వెళ్ళే ముందు కూడా ఆ రాడ్డు బల్లకి ఉన్న పట్టులో బిగించే ఉంది.

కర్మలన్నీ అయ్యాక అల్లుడు గ్యారేజీ శుభ్రం చేశాడు. ఆ రాడ్డు విప్పి మిగతా ఇనప ముక్కలతో కలిపి పక్కన పడేశాడు. "నాన్న బండి పూర్తిచేసే వెళ్ళాడు అత్తయ్యా" అని టాంకు తుడుస్తూ ఏడ్చాడు.

"పూర్తవలేదు బాబూ" అని ఉన్నదంతా చెప్పాను. ఆ రాడ్డు వెతికి చేతిలో పెట్టాను.

అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఇంకేదానికో అయ్యుంటుంది అత్తయ్యా. నాన్న అంత తేలిగ్గా మాట మార్చుకుంటాడా? కాళ్ళు మార్చుకోమన్నాడు, మార్చుకుంటా. ఆయన చేతులు పడ్డ దాంట్లో ఒక్క బోల్టు కూడా నేను ముట్టుకోను." తర్వాత మెల్లగా, నన్ను నొప్పించకుండా అన్నాడు. "మీరు భయంతో అంటున్నారని నాకు తెలుసు."

మా అమ్మాయీ అదే అంది. ఇన్నేళ్ళూ అన్నిటికీ భయపడ్డాను కదా, ఇప్పుడు నిజంగా భయపడాల్సింది వచ్చినా నా మాటకి విలువ లేదు. నా మాట పట్టించుకుని లేచివెళ్ళి చూసే మనిషి ఇప్పుడు లేరు.

ఆదివారం దాని మీద హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళి పూజ చేయిస్తాడట. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలని వాళ్ళ నాన్న ముచ్చటపడేవారు. ఆ చెట్ల మధ్య దారి, మలుపులు కారులో పోతుంటేనే నేను కళ్ళు మూసుకుంటాను. ఆదివారానికని రోజూ సాయంత్రం మా వీధిలో అలవాటు చేసుకుంటున్నాడు. వీధి చివర బళ్ళన్నీ నెమ్మదించి చుట్టు తిరగాల్సిన రౌండబౌట్ ఉంది. అక్కడ బండి చప్పుడు తగ్గాలి, మళ్ళీ పెరగాలి. నిన్న ఒకసారి తగ్గకుండానే పెరిగింది. చెత్తడబ్బా దొర్లిన మోత. నేను పరిగెత్తేలోపే బండి తోసుకుంటూ వచ్చాడు, మోచెయ్యి గీరుకుపోయింది. "ఏం లేదు అత్తయ్యా, కాలు మర్చిపోయింది" అని నవ్వాడు. అచ్చం వాళ్ళ నాన్న నవ్వే.

అన్నయ్యగారూ, మీరుంటే ఈపాటికి ఆ బండి మళ్ళీ విప్పేసేవారు.

ఇప్పుడే అల్లుడు మళ్ళీ బయటికి తీశాడు. గ్యారేజీ తలుపు ఎత్తే ఉంది. చప్పుడు వీధి చివరకి పోతోంది. రాయడం ఆపి వింటున్నాను. అక్కడ తగ్గాలి.