కోట ఎక్కని ముత్తాత

ఆ రోజుల్లో మా నల్గొండ వైపు రైతుల ఇళ్ళలో ముత్తాత ఎవరో తెలుసుకోవాలంటే కాగితాలు వెతికేవాళ్ళు కాదు, గోత్రాలాయన వచ్చేదాకా ఆగేవాళ్ళు. ఏటికో రెండేళ్ళకో గుమ్మెట భుజాన వేసుకొని వచ్చి, అరుగు మీద కూర్చొని, మా వంశమంతా పాడి వినిపించేవాడు. ఆయన తాత మా తాతలకు పాడాడట. (పెట్టిన తిండిని బట్టి మా పెద్దల ఘనత కొంత పెరిగేది, కొంత తగ్గేది. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.)

నేను అప్పుడే నకిరేకల్ బడిలో పంతులుగా చేరాను. దేవరకొండ దగ్గరి ఒక పల్లెలో సంబంధం చూశాం. చూడడమంటే, మా వాళ్ళు పొలాలు చూశారు, నేను పిల్లను చూశాను. నీళ్ళ చెంబు అందిస్తూ నా బిత్తర మొహం చూసి నవ్వు ఆపుకుంది, అంతే, నా పని అయిపోయింది. చేసుకుంటే ఆమెనే చేసుకుంటానని బాపుతో చెప్పే ధైర్యం లేక బాపును కన్న మా అవ్వ చెవిలో వేశాను.

సంబంధం ఖాయం చేసుకునే నాడు పిల్ల ఇంట్లో రెండు వంశాలూ చెప్పించాలి. రెండిళ్ళకూ గోత్రాలాయన ఒక్కడే. బాపు ముందుగానే ఆయనను పిలిపించి, మందలోంచి ఒక యాటను కోయించి, విందు పెట్టి, "వాళ్ళు భూమున్నోళ్ళు, మా తాతను జర పెద్దగ చెప్పు" అన్నాడు. అదే వారం వాళ్ళింట్లోనూ యాట తెగిందని మాకెలా తెలుస్తుంది?

ముందు వాళ్ళ వంశం పాడాడు. వాళ్ళ ముత్తాత నోట కత్తి కరచుకొని, దేవరకొండ కోట గోడ ఎక్కి, లోపలి నుంచి తలుపులు తీశాడు. పిల్ల తండ్రి మీసం సవరించుకున్నాడు. తర్వాత మా వంశం అందుకున్నాడు. మా ముత్తాతా అదే గోడ ఎక్కాడు. అదే కత్తి, అదే తలుపు, ఆఖరికి పేరు కూడా అదే. పాట ముగిసింది. మా చిన్నాయన వేళ్ళ మీద వరసలు లెక్కపెట్టి, "ఇద్దరికి తాత ఒక్కడే అయితే, పిల్ల మన పిలగానికి చెల్లె అయితది గదా" అన్నాడు.

ఎవరో ఒకరు ఆ తాతను వదులుకుంటే సరిపోయేది. కానీ వదిలేదెవరు?

"మా తాతను మేమియ్యం" అన్నాడు పిల్ల తండ్రి.

"మేమిస్తమా? సంబంధం పోతే ఇంకోటి దొరుకుతది, గసుంటి తాత మల్ల దొరుకుతడా?" అన్నాడు బాపు. (ఆ తాత ఆయనకు దొరికింది పోయిన వారమే.) అందరూ గోత్రాలాయన వైపు తిరిగారు. ఆయన తల గోక్కొని, "నేనేం చేద్దు పటేలా, రెండు యాటలు ఒక్క తీర్గనే ఉండె" అన్నాడు.

బాపు కండువా దులిపి లేచాడు. ఇక అంతా అయిపోయిందనుకొని నేను మూలన నెత్తిన చేతులు పెట్టుకొని కూర్చున్నాను. అప్పుడు అవ్వ నోరు విప్పింది.

"మా మామ కోట ఎక్కలే బిడ్డా. కోట కింద గొర్లు కాసిండు. ఒక గొర్రె తప్పిపోతే నెత్తిన చేతులు పెట్టుకొని, ఇంటికి పోతే పెండ్లాం తిడ్తదని ఒక మూలకు కూసొని ఏడ్సిండు. గాయనే మా ఇంటి తాత. మీ తాతను మీరే ఉంచుకోండ్రి, మాకు పిల్లనియ్యిండ్రి."

తల్లి మాట కాదనలేక బాపు మళ్ళీ కూలబడ్డాడు. గోత్రాలాయన వెంటనే గుమ్మెట అందుకొని, అదే రాగంలో, అదే ఊపుతో, గొర్రె కోసం ఏడ్చిన మా ముత్తాతను పాడాడు. నిజం చెప్పాలంటే వీరుడి కన్నా ఈయనే బాగా కుదిరాడు. తలుపు చాటున ఒక నవ్వు ఈసారి ఆగలేదు. పెండ్లి ఖాయమైంది.

కాపురానికి వచ్చాక ఎప్పుడు మాటా మాటా పెరిగినా ఆమె, "నేను కోటెక్కినోళ్ళ బిడ్డను" అనేది. ఒకసారి ఉక్రోషం పట్టలేక ఆమె ఎదుటే అవ్వను అడిగాను: "ఆయన ఏడ్సిండని నీకెట్ల తెలుసే?"

"నాకేం తెలుసు బిడ్డా, నేను కాపురానికి రాకముందే ఆయన పోయిండు, నేను చూసిన్నా" అంది అవ్వ. "మూలకు కూసొని నువ్వు పెట్టిన మొహం చూసి చెప్పిన."

ఇప్పుడు అవ్వ లేదు, గోత్రాలాయనా లేడు. మా మనుమలు ముత్తాత కథ చెప్పమంటే ఆ గొర్రె కథే చెప్తాను. పాపం అంటూ వాళ్ళు జాలిపడుతుంటే పక్కన ఆమె నా మొహం చూస్తుంది, ఇద్దరం నవ్వుకుంటాం.