మా మామ నడక

మొన్న శనివారం అత్త ఫోన్ చేసి, "మీ మామ పోయినాడప్పా" అంది. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడాయన. మీరెవరూ ఎరగరు. కాణిపాకం గుడి దారిలో ఒక కుంటి మనిషి దగ్గర ఎప్పుడైనా గరిక, కొబ్బరికాయ కొని ఉంటే, ఆయనే మా మామ.

పసితనంలో జబ్బు చేసి ఆయన కుడికాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆనించి అడుగు వేసేవాడు. మాతో ఎవరి పెళ్లికైనా బయలుదేరితే, "మీరు ముందు పోతా ఉండండి, తాళి కట్టేలోపల నేనూ వస్తాలే" అని నవ్వేవాడు.

చిత్తూరులో ఒక మామిడికాయల మండీలో కాయలు ఏరే పని చేసేవాడు. ఒకరోజు అక్కడి కాపలామనిషిని ఎవరో కొట్టి చంపారు. ముందురోజు అతనితో మాటామాటా అనుకున్నాడని పోలీసులు మామను పట్టుకుపోయారు. కోర్టులో ఒక సాక్షి, "గోడ పక్కనుంచి ఈయన పరిగెత్తిపోతా ఉంటే సూసినాను సార్" అన్నాడు. మా ప్రాణం లేచొచ్చింది. ఇక మామ తరఫు వకీలు ఆ ఒక్క మాట పట్టుకుంటాడనుకున్నాం. సర్కారు పెట్టిన ఆ వకీలు కుర్చీలోంచి సగం లేచి, "అడిగేదేమీ లేదు" అని కూర్చున్నాడు.

ఆ వకీలు మా మామ నడవగా ఒక్కసారీ చూడలేదు. అదీ సంగతి. జైలుకు వెళ్లి మాట్లాడలేదు. ఆయన కోర్టులోకి వచ్చేసరికే మామ బోనులో ఉండేవాడు. ప్యాంటు వేసుకుని నిలబడితే అందరిలాంటి మనిషే. మామ నోరు తెరవబోతే, "నువ్వు మాట్లాడితే కేసు చెడిపోతుంది" అన్నాడట. అమ్మ చెప్పబోతే ఇంకో కోర్టుకు టైమైందని నడుస్తూనే పోయాడు. చివర్లో జడ్జిగారు ఏమంటావని అడిగితే, మామ ఆ వకీలు నేర్పినట్టే "అబద్ధం సార్" అని ఊరుకున్నాడు. యావజ్జీవం పడింది.

ఆరేళ్ల తర్వాత అప్పీలు చూసే లాయరమ్మ ఒకామె జైలుకు వెళ్లింది. వరండాలో నడిచొస్తున్న మామను చూసి లేచి నిలబడి, "ఈ కాలు ఎప్పటినుంచి ఇట్ల ఉండాది?" అని అడిగిందట.

"ఆయమ్మ అడిగినాక ఏడుపు ఆగలేదప్పా" అనేవాడు మామ.

హైకోర్టు శిక్ష కొట్టేసి మామను విడిచిపెట్టింది. కానీ చిత్తూరులో మళ్లీ ఎవరూ పనివ్వలేదు. "మంచి లాయరు దొరికింది, తప్పించుకున్నాడు" అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పాత వకీలును నేను నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. మామ మాత్రం, "ఆయప్పకు ఎన్ని కేసులుండాయో ఏమో" అని గరిక కట్టలు కట్టుకునేవాడు.

మా పిల్లలు కొట్టుకున్నప్పుడు నేను చెయ్యెత్తితే గబుక్కున పట్టుకునేవాడు. "వాడేమంటాడో అడిగినావా? ముందు అడుగు." ఆయన గొంతు పెంచింది ఆ ఒక్క మాటకే. ఇప్పుడు నా చెయ్యి దానంతటదే ఆగుతోంది.

ఆ శనివారం సాయంత్రమే మామ పాడె ఎత్తాం. మబ్బు పట్టింది. వాన వచ్చేలోపు చేరాలని మోసేవాళ్లం వడివడిగా పోతున్నాం. వీధి చివరిదాకా వచ్చిన అత్త వెనకనుంచి కేకేసింది.

"అంత బిరబిరా పోవద్దండప్పా! మీ మామ ఎప్పుడు పరిగెత్తినాడు?"

మా అడుగులు తగ్గాయి. చినుకులు మొదలయ్యాయి. ఎవరూ తొందరపడలేదు. మామ నడిచినట్టే నడిచాం.